నాలుగో గిన్నెలో గింజ

పోయిన వారం ఎక్కడ ఆపాను? నా పిడికిట్లో ఒక పాలిపోయిన కాఫీ గింజ. ఎదురుగా బల్ల మీద పది గిన్నెలు. వంటింట్లో కోడలు నీళ్లు కాస్తోంది, మా ఆయన కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా దానికోసమే వెతుకుతున్నారు. సరిగ్గా అక్కడ ఆపాను. ఆ గింజని ఏం చేశానో చెప్పకుండా వారం రోజులు ఊరించానని తిట్టుకునే ఉంటారు. తిట్టుకోండి. నేను చేసింది వింటే ఇంకా తిడతారు.

కొత్తగా చదివేవాళ్లకి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మాది కాఫీ కొట్టు. ముందు గదిలో కాఫీ పోస్తాం, వెనక గదిలో గింజలు వేపుతాం. ముప్ఫై ఏళ్లు మాకు గింజలు వేపిపెట్టిన డ్రమ్ము పది రోజుల కిందట ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది. కొత్తది కొనాలి. నాకేమో పాతదానంత పెద్దది కావాలి, గింజల్ని బొగ్గులా నల్లగా వేపేది. ఏడాది కిందట ఈ ఇంటికొచ్చిన మా కోడలికి చిన్నది కావాలి. దాంట్లో ఆవిడగారు గూర్మే కాఫీ, అంటే లేతగా వేపి రుచులు వెతుక్కుంటూ తాగే ఖరీదైన కాఫీ, వేపుతుందట. ఆ పేరు పలకాలంటేనే నా నాలుక మడత పడుతుంది. ఉన్న చోటుకి రెండూ పట్టవు. పెద్దదైతే వెనక గదిలో పాతదాని స్థానంలో కూర్చుంటుంది. చిన్నదానికి గొట్టం కిటికీలోంచి బయటికి పోవాలి కాబట్టి, ముందు గదిలో కిటికీ పక్కన పెట్టాలి. కిటికీ పక్కన ఏముంది? నా స్టూలుంది. ముప్ఫై ఏళ్లుగా నేను తప్ప ఎవరూ కూర్చోని, ఎవరూ అంగుళం జరపని స్టూలు.

అందుకని మా ఆయన తీర్పు చెప్పారు. కాఫీ రుచి చూడటమే పనిగా బతికే ఒకావిణ్ని పిలిపిద్దాం, ఎవరి గింజలు బాగున్నాయంటే వాళ్లు చెప్పిన డ్రమ్మే కొందాం అన్నారు. డ్రమ్ములమ్మే ఆయన నాలుగింటికి వచ్చి కొలతలు తీసుకుంటాడు. మావాడు పెళ్లాం వైపు ఉండాలో తల్లి వైపు ఉండాలో తేలక, ఆ రోజు ఒక గంట ముందే పనికి పారిపోయాడు.

ఇక గింజ సంగతి.

కోడలు పొద్దున్నే తన బస్తాలోంచి కొన్ని, మా బస్తాలోంచి కొన్ని గింజలు తీసి, చేత్తో తిప్పే చిన్న గిన్నెలో విడివిడిగా వేపింది. వేపాక పళ్లెంలో పోసి, రంగెక్కకుండా పాలిపోయి మిగిలినవాటిని ఏరి సాసర్లో పడేసింది. "పచ్చికాయ కోసేస్తే ఇలాగే ఉంటాయి అత్తయ్యా. ఎంత వేపినా రంగు రాదు. ఇలాంటిది ఒక్కటి పడిందంటే కప్పంతా పాడు" అంది. అందుకేనట ఒక్కో రకానికి ఐదేసి గిన్నెలు. ఏ కప్పుకి కావలసిన గింజలు ఆ కప్పుకే తూచి, విడిగా పొడి కొట్టి, విడిగా నీళ్లు పోస్తారు. చెడ్డగింజ ఎక్కడైనా దాక్కుంటే ఐదింట్లో ఏదో ఒకటి బయటపెట్టేస్తుంది. ఆ మాట ఆ పిల్ల నాకు చెప్పకుండా ఉండాల్సింది. సాసర్లోంచి ఒక గింజ నా పిడికిట్లోకి వచ్చేసింది.

ఏ గిన్నెల్లో ఎవరి గింజలున్నాయో మా ఇద్దరికీ తెలియకూడదని మా ఆయన ఒక్కరే తలుపేసుకుని సర్దారు. కిటికీ వైపు ట్రేలో ఐదు, గోడ వైపు ట్రేలో ఐదు. ఏది ఎవరిదో చీటీ రాసి ట్రేల కింద పెట్టారు. రంగు చూసి పోల్చుకుందామంటే రెండు వరుసలూ ఒకే రంగు. రుచి పోల్చాలంటే వేపు సమానంగా ఉండాలని మా గింజల్ని కూడా లేత గోధుమరంగులోనే దించేసింది కోడలు. మా గింజల్ని ఆ రంగులో నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. అయితేనేం, కోడలి బస్తా కిటికీ కిందే ఉంది కదా, మీద రంగురంగుల లేబులుతో, వేపిన గింజల పళ్లెం కూడా దాని పక్కనే. మా ఆయన దాన్ని వదిలేసి గదికి అటు చివరికి గింజలు మోస్తారా? ఆయన బద్ధకం నాకు ముప్ఫై నాలుగేళ్లుగా తెలుసు. కిటికీ వరుస కోడలిదే, అనుమానం లేదు.

వరుసలో నాలుగో గిన్నె మీద పిడికిలి విప్పాను. గింజ పడింది. చిటికెన వేలితో కిందికి నొక్కి, కొంగుతో వేలు తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు వెళ్లి నా స్టూలు మీద కూర్చున్నాను. ఒక్క గింజేగా అని నాకు నేనే చెప్పుకున్నాను.

రుచి చూసే ఆవిడ రెండున్నరకి వచ్చింది. పొట్టి మనిషి, మెళ్లో తాడుకి ఒక గుండ్రటి వెండి చెంచా వేలాడుతోంది. లోపలికి అడుగుపెడుతూనే ముక్కు ఎగబీల్చి, "ఎవరు ఉల్లిపాయ తరిగారు?" అంది. తరిగింది నేనే, పొద్దున తొమ్మిదింటికి. మూడుసార్లు చేతులు కడిగాను. ఈ ముక్కు ముందు నా గింజ దాగుతుందా అనిపించింది. మళ్లీ అనుకున్నాను, దాగకూడదనే కదా వేసింది!

మా ఆయన ఒక్కో గిన్నెలో గింజల్నీ విడిగా పొడి కొట్టి, అదే వరుసలో ఒక్కో కప్పులో పోశారు. కళ్లజోడు ఇంకా నెత్తిమీదే ఉంది, కాబట్టి పాలిపోయిన గింజ ఆయన కంట పడలేదు. కోడలు పది కప్పుల్లోనూ నీళ్లు పోసింది. నాలుగు నిమిషాలు ఆగాం. పొడి పైకి తేలి పొరలా కట్టింది. చెంచావిడ ముక్కు కప్పులోకి దూర్చేటంత వంగి, చెంచాతో పొరని పక్కకి నెట్టి వాసన చూసింది. పదింటికీ పది. తర్వాత నురగ తీసేసి, ఒక చెంచా కాఫీ నోటి దగ్గర పెట్టుకుని జుర్రున పీల్చింది చూడండీ, గోడ మీది బల్లి పారిపోయింది. చిన్నప్పుడు మావాడు ఇలా జుర్రినందుకే వీపు విమానం మోత మోగించాను. ఈవిడకి దీనికే జీతమిస్తారట. పీల్చింది పీల్చినట్టే పక్కనున్న మగ్గులో ఊసేసింది కూడా.

"ఎలా ఉందండీ?" అన్నాను ఉండబట్టలేక.

"ఇంకా వేడిగా ఉందమ్మా. వేడి మీద ఏ కాఫీ అయినా బుద్ధిగానే ఉంటుంది. చల్లారనివ్వండి."

"చల్లారిన కాఫీ ఎవరు తాగుతారండీ?"

"ఎవరూ తాగరు కాబట్టే మామూలు కాఫీ బతికిపోతోంది" అని నవ్వింది. "మాడేలా వేపి, పొగలు కక్కేలా కాచి, పాలు పోసి, పంచదార వేసి ఇస్తే నాలుక్కి తెలిసేదేముంది? మంచి కాఫీ చల్లారేకొద్దీ తియ్యబడుతుంది. చెడ్డది చల్లారేకొద్దీ తన గుట్టంతా చెప్పేస్తుంది."

నేను చేసేది అచ్చంగా ఆవిడ చెప్పిందే. మాడేలా, పొగలు కక్కేలా, పాలు, పంచదార. ఒక్కటి కూడా వదల్లేదు. ఒళ్లు మండిపోయింది నాకు. రోజూ నాలుగుంపావుకి రెండు హారన్లు కొట్టి దిగే బస్సు డ్రైవరు ఇరవై రెండేళ్లుగా ఆ కాఫీయే తాగుతున్నాడు. గొంతులో ఆ చేదు దిగకపోతే బస్సు ముందుకి కదలదంటాడు. అతనికి వచ్చి చెప్పమనండి ఈ గూర్మే కబుర్లు!

పావుగంటకి రెండో విడత మొదలైంది. గోడ వరుసలో ఐదు కప్పులూ వరసపెట్టి జుర్రి, "ఐదూ ఒకేలా ఉన్నాయి. తప్పేం లేదు, గొప్పా ఏం లేదు. బస్తాలో చాలాకాలం నిలవున్న గింజలు. పాత అట్టపెట్టె వాసన" అంది. పాతబస్తా అంటే మాదే కదా. పోనీలే, తప్పేం లేదంది కదా, అదే పదివేలు అనుకున్నాను.

కిటికీ వరుస మొదటి కప్పు దగ్గర ఆగింది. కళ్లు మూసుకుంది. మళ్లీ ఓ చెంచా తీసుకుంది. రెండో కప్పు, మూడో కప్పు. ఈసారి మగ్గులో ఊయడం మర్చిపోయి మింగేసింది. "ఎండుద్రాక్ష, నారింజ తొక్క, చివర్లో తేనె" అని గొణిగింది. "ఇలాంటిది ఏడాదికి ఒకటో రెండో తగులుతాయి నాకు."

కోడలు బల్లకి ఇంకాస్త దగ్గరగా జరిగింది. కోడలి గింజలకా ఇంత పొగడ్త అని నేను కుళ్లుకున్నాను.

నాలుగో కప్పు. జుర్రిన చెంచా గాల్లోనే ఆగింది. ఆవిడ మొహం చూడాలి మీరు, పాయసంలో రాయి తగిలినట్టు పెట్టింది. గబుక్కున ఊసేసి, నీళ్లు పుక్కిలించి, మళ్లీ చూసి, ఐదోది కూడా చూసింది. ఐదోది మొదటి మూడింటిలాగే ఉందట.

"పచ్చి వేరుశనగ పొట్టు నానబెట్టినట్టుంది నాలుగోది. పాలిపోయిన గింజ పడింది. ఒక్కటే అయ్యుంటుంది" అంది. "ఎంత అన్యాయం! ఐదుగురు తాగడానికి వస్తే నలుగురికి అమృతంలా ఉండి ఒకడి నోరు పాడైతే, దాన్ని గొప్ప కాఫీ అని నేనెలా రాస్తాను? గొప్ప కాఫీ అంటే ఎవరికీ అన్యాయం చేయకూడదు. గోడ వరుసే నెగ్గినట్టు."

మనసులో ఎగిరి గంతేశాను. పైకి మాత్రం కొంగు సర్దుకుని, "పోనీలే అమ్మాయ్, బాధపడకు. వచ్చే ఏడు చూద్దాం" అన్నాను ఎంతో పెద్దరికంగా.

మా ఆయన ట్రే ఎత్తి చీటీ తీశారు. "గోడ వరుస, కోడలిది" అని చదివారు. "కిటికీ వరుస, మనది."

"కళ్లజోడు పెట్టుకుని చదవండి!"

"ఎక్కడుందో కనిపించట్లేదే."

"నెత్తిమీదుంది!"

కళ్లకి పెట్టుకుని మళ్లీ చదివారు. అదే మాట. ఆ బద్ధకిష్టి మనిషి జీవితంలో మొదటిసారి కష్టపడి గింజల్ని గదికి ఇటు నుంచి అటు మోశారన్నమాట. అది కూడా నా పీకల మీదికి తేవడానికే.

ఏడాదికి ఒకటో రెండో తగిలే కాఫీ నాది. నేను నల్లగా మాడ్చి పోసే, కోడలు మామూలుది అని పిలిచే నా కాఫీ. దాని గొంతు నేనే, నా వేలితోనే నొక్కేశాను. ఇప్పుడు నోరు మూసుకుంటే నా గింజలు ఓడిపోతాయి, చిన్న డ్రమ్ము వస్తుంది, స్టూలు పోతుంది. నోరు తెరిస్తే నా గింజలు గెలుస్తాయి, నా పరువు పోతుంది. గెలవాలని చేసిన దొంగపని ఒప్పుకుంటే తప్ప గెలవలేను. ఇలాంటి ఇరకాటంలో ఇంకెవరైనా పడ్డారా అసలు?

చెంచావిడ ఆ నాలుగో కప్పుని వదల్లేదు. "మిగతా నాలుగూ ఇంత శుభ్రంగా ఉన్నాయే. పచ్చిగింజలు ఏరేది ఎవరు?" అని అడిగింది.

"మా అత్తయ్యండీ" అంది కోడలు. ఓడిపోయిన గింజల గురించి మాట్లాడుతున్నా ఆ పిల్ల గొంతులో ఎంత గర్వమో! "రోజూ మధ్యాహ్నం ఆ స్టూలు మీద కూర్చుని, పళ్లెంలో పోసుకుని ఒక్కో గింజా ఏరతారు. పురుగు తొలిచింది, విరిగింది, నల్లబడింది ఒక్కటి కూడా వదలరు. బస్తా కూడా ఒకే తోట నుంచి వస్తుంది. పండిన పళ్లు తప్ప కోయకూడదని ఆ తోటాయనతో ఏటా పోట్లాడతారు."

"అంత కష్టపడి ఏరి మళ్లీ మాడ్చేస్తారా?" అంది ఆవిడ. "నల్లగా మాడ్చేదానికి ఏరడమెందుకమ్మా? మాడాక మంచిదీ చెడ్డదీ ఒక్కటే కదా."

"ఈ మాట నేను ముప్ఫై ఏళ్లుగా అడుగుతున్నా" అన్నారు మా ఆయన.

"తాగేవాడి కప్పులో పురుగుగింజ పడకూడదండీ. తెలిసినా తెలియకపోయినా" అన్నాను.

కోడలు నా వైపు తిరిగింది. "ఈ తప్పు మీ చేతిది కాదు అత్తయ్యా. పాలిపోయిన గింజ వేపాక గాని కనిపించదు. వేపాక ఏరింది నేను. నేనే సరిగ్గా చూడలేదు. మేడమ్, మీరు ఈ వరుసని ఓడించకండి. నా బస్తా లేబులు చూసి మోసపోయాను, మా అత్తయ్య గింజల ముందు అవి చాలవు. తప్పు నాది."

అయిపోయింది. ఆ పిల్ల నన్ను దెప్పితే నిలబడేదాన్ని, నవ్వితే నాలుగు అంటించేదాన్ని. నా తప్పు తన నెత్తిన వేసుకుని నిలబడితే ఏం చేయను? సిగ్గుతో చచ్చిపోయాను.

"నీ తప్పేం లేదు. ఆ గింజ నేనే వేశాను" అన్నాను.

చెంచావిడ చెంచా మగ్గులో టంగుమని పడింది.

"నీ గింజల్లో నువ్వే వేసుకున్నావా?" అన్నారు మా ఆయన.

"నావని తెలిస్తే వేస్తానా? కిటికీ వరుస కోడలిది అనుకున్నా! ఉన్న గింజల్ని ఉన్న చోట ఉంచకుండా అటూ ఇటూ మోయమని మీకెవరు చెప్పారు?"

కోడలి మొహం ఒక్క క్షణం చిన్నబోయింది. నిజంగానే నొచ్చుకుంది, నేను చూశాను. "నా కప్పు పాడుచేద్దామనా అత్తయ్యా?" అంది మెల్లగా. అవునన్నాను, అబద్ధం ఆడలేదు. ఆ పిల్ల పెదవి బిగించుకుని నాలుగో కప్పు వైపు చూసింది, నా వైపు చూసింది, మళ్లీ కప్పు వైపు చూసింది. ఉన్నట్టుండి ముక్కులోంచి ఒక నవ్వు వచ్చింది. ఆపుకుందామని చూసింది, కుదరలేదు. బల్ల పట్టుకుని నవ్వి నవ్వి చివరికి నేల మీద కూలబడింది. దాన్ని చూసి చెంచావిడ, ఆవిణ్ని చూసి మా ఆయన. నేనొక్కదాన్నే మూతి ముడుచుకుని నిలబడ్డాను, ఎంతసేపు నిలబడగలను? నాకూ వచ్చేసింది.

నవ్వులయ్యాక చెంచావిడ మా గింజలు మళ్లీ తూయించి, ఏరించి, నాలుగో కప్పు కొత్తగా పెట్టించింది. ఈసారి నన్ను బల్లకి రెండు గజాల దూరంలో కూర్చోబెట్టారు. చల్లారాక జుర్రి చూసి, "అదే తేనె. ఐదుకి ఐదు" అంది. మిగిలిన గింజలతో కోడలు చిన్న కెటిల్ నిండా కాఫీ కలిపింది. కాస్త చల్లారనిచ్చి, ఒక కప్పులో పోసి నాకు అందించింది. పాలు లేవు, పంచదార లేదు.

ముప్ఫై ఏళ్లుగా కాఫీ పోస్తున్నాను, నా కాఫీ నేను ఉత్తగా ఎప్పుడూ తాగలేదు. మొదటి గుక్కకి పులుపు తగిలి మొహం చిట్లించాను. రెండో గుక్కకి ఆ పులుపు వెనకాలే తీపి వచ్చింది, ఎవరూ పంచదార వేయకుండానే. మింగాక కూడా నాలుక మీద ఉండిపోయింది. నేను మధ్యాహ్నాలన్నీ ఏరింది దీన్నా? ఇన్నాళ్లూ ఇది నా పళ్లెంలోనే ఉందా? సంతోషమో ఏడుపో తెలియలేదు, కళ్లు మాత్రం తడిశాయి.

"మరి ఇన్నేళ్లూ నేనేం చేసినట్టండీ?" అన్నాను.

"సగం పని గొప్పగా చేశారు. రెండో సగం మాడ్చారు" అంది చెంచావిడ.

సరిగ్గా నాలుగింటికి డ్రమ్ములాయన వచ్చాడు. చేతిలో కొలత టేపు, చెవి మీద పెన్సిలు. "ఏది రాసుకోమంటారు? పెద్దదా, చిన్నదా?"

అందరూ నా వైపు చూశారు. కోడలు ముందే చెప్పేసింది. "అత్తయ్య గెలిచారు. మాట మాటే. ఆవిడ పెద్దదంటే పెద్దదే, నేను ఒక్క మాట అనను." గొంతు గట్టిగానే పెట్టింది గాని, చూపు కిటికీ వైపే ఉంది.

వెనక గది చూశాను. అక్కడ పెద్ద డ్రమ్ము కూర్చుంటే రేపటి నుంచి మళ్లీ మామూలే, నల్లపొడి, పొగలు, నా స్టూలు నాకే. చేతిలో కప్పు చూశాను. డ్రమ్ములాయన్ని దగ్గరికి పిలిచి ఆయన చెవిలో చెప్పాను. అందరిముందూ పైకి అనడానికి నోరు రాలేదు, అంత పొగరు నాది.

ఆయన తలూపి పెన్సిలు తీశాడు. నేరుగా కిటికీ దగ్గరికి నడిచాడు. రెండు చేతులతో నా స్టూలు పట్టుకుని ఎత్తి పక్కన పెట్టి, అది ఉన్న చోట టేపు పరిచాడు. నేల మీద ముప్ఫై ఏళ్లనాటి నాలుగు కాళ్ల గుర్తులు.

కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అత్తయ్యా, మరి మీరెక్కడ కూర్చుంటారు?"

జవాబు చెప్పబోయాను. బయట హారన్ రెండుసార్లు మోగింది.

నాలుగుంపావు. పాత డ్రమ్ములో వేపిన పొడి ఆఖరి చెంచాడు ఆ పొద్దున్నే అయిపోయిందన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. డబ్బా ఖాళీ. డ్రైవరు తలుపు తోసుకుని వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అమ్మా, స్టూలు కదిలిందేంటి? ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది, కూర్చో" అన్నాను. కెటిల్లో మిగిలింది గ్లాసులో పోసి అతని ముందు పెట్టాను. పాలు లేవు, పంచదార లేదు, ఆవిరి కూడా లేదు.

ఇరవై రెండేళ్ల బేరం. అతను గ్లాసులోకి చూశాడు, నా మొహంలోకి చూశాడు. ఐదుగురం ఆ గ్లాసు వైపే చూస్తూ నిలబడ్డాం.

గ్లాసు ఎత్తాడు.